మంద్రంలో ఒక ఖాళీ

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఏడింటికల్లా పిచ్చుక ఆసుపత్రిలోని డయాలసిస్ హాల్లో ఉండాలి. ముందు తూకం చూసుకోవాలి. ఆ అంకె చూసి సిస్టరు పెదవి విరుస్తుంది. "మళ్ళీ నీళ్ళు తాగేశావు కదూ?" అంటుంది. "లేదు సిస్టర్, గాలి తాగాను" అంటుంది పిచ్చుక. ఇద్దరూ నవ్వుకోరు, కానీ ఆ మాటలు అనుకోకపోతే రోజు మొదలైనట్టుండదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి ఎడమ చెయ్యి చాపితే రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. నాలుగు గంటలపాటు ఆమె రక్తం పక్కనున్న యంత్రంలోకి పోయి, కడుక్కుని, మళ్ళీ ఒంట్లోకి వస్తుంది.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒకచోట నిలవకుండా గెంతుతుండేదని నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడామెకి ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. రెండేళ్ళ క్రితం ఒకరోజు చెప్పులు బిగుతుగా ఉన్నాయని కొత్తవి కొనుక్కుంది. వారం తిరక్కుండా అవీ బిగుతయ్యాయి. తప్పు చెప్పులది కాదని, రెండు కిడ్నీలూ ఎప్పుడో ఎండిపోయాయని పరీక్షలు చేశాక డాక్టరు చెప్పాడు. నాన్న తనది ఇస్తానన్నాడు, ఆయనకి షుగరుంది. అమ్మ తనది ఇస్తానంది, ఆవిడ రక్తం కలవలేదు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు దయతలిస్తే దొరికే కిడ్నీ కోసం ఉన్న జాబితాలో పిచ్చుక పేరు రాసుకున్నారు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఫోను మాత్రం ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నారు.

రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క. అమ్మ పొద్దున్నే ఒక సీసాలో గీత దాకా పోసి బల్లమీద పెట్టేది. మధ్యాహ్నానికే అది అడుగంటేది. మండే నాలుకమీద మంచుముక్క పెట్టుకుని, అది కరిగిపోకుండా ఉంటే బాగుండునని పిచ్చుక కళ్ళు మూసుకునేది.

కానీ ఆ దాహాన్ని ఎలాగో సర్దుకుంది. సర్దుకోలేనిది ఇంకొకటుంది. ఆమె ఎనిమిదేళ్ళు పాటల టీచరు దగ్గర బృందంలో పాడింది. ముప్ఫై మంది ఆడవాళ్ళలో పైస్థాయి అందుకునే ఐదుగురిలో తనొకర్తె. ఎక్కడో మెడ వెనకనుంచి లేచి గొంతు పైకి పైకి వెళ్తుంటే, తను నేలమీద లేనట్టుండేది. జబ్బు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కర్తీ ఉండి పాత పాటేదో ఎత్తుకుంది. రెండో చరణం దాకా కూడా పోలేదు. ఎండిన గొంతు చీలింది, ఊపిరి సగంలో తెగింది. ఆపేసింది. ఆ సాయంత్రం అమ్మానాన్నలతో, "ఇంట్లో పాటలు పెట్టకండి" అని మాత్రం అంది. ఎందుకని వాళ్ళడగలేదు. నాన్న రేడియో తీసి బీరువా మీద పెట్టేశాడు. కర్టెన్లు కుడుతూ ఎప్పుడూ కూనిరాగాలు తీసే అమ్మ, అప్పటినుంచి పెదాల మధ్య దారం పట్టుకుని కూర్చునేది.

హాల్లో పిచ్చుక పక్క కుర్చీ ఒక పెద్దాయనది. నలభై ఏళ్ళుగా హార్మోనియం పెట్టెలు బాగుచేస్తున్నాడు కాబట్టి పెట్టెల తాత అని సిస్టర్లు పిలిచేవాళ్ళు. ఆ మాట ఆయనకి గిట్టేది కాదు. "జుట్టు నెరిస్తే తాతలైపోతారా? బాబాయి అనండి" అని కసురుకునేవాడు. దాంతో ఆయన పెట్టెల బాబాయయ్యాడు. షుగరు ముందు ఆయన కిడ్నీలు తినేసి, ఇప్పుడు కళ్ళమీద పడింది. ఆయన సణగని వస్తువు ఆ హాల్లో లేదు. దిండు గట్టిగా ఉందంటాడు, ఫ్యాను మెల్లగా తిరుగుతోందంటాడు, టీ ఎవరో తాగి వదిలేసినట్టుందంటాడు.

ఒక బుధవారం ఏదో యంత్రం కూత పెట్టింది. సిస్టరు ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. పిచ్చుక కళ్ళు మూసుకునే, "కిటికీ పక్కది సిస్టర్" అంది.

సిస్టరు వెళ్ళి చూస్తే నిజంగా అదే. "చూడకుండా ఎలా చెప్పావే?"

"దాని కూత మిగతావాటికంటే కాస్త దిగి ఉంటుంది."

పెట్టెల బాబాయి దిండు సంగతి మర్చిపోయి తల తిప్పాడు. "ఎంత దిగి ఉంటుంది?"

"అరమెట్టు కూడా ఉండదు. అందులో సగం."

"మరి తలుపు దగ్గరిది? అదీ దిగే ఉంటుందా?"

"అది ఎక్కి ఉంటుంది. నన్ను పరీక్ష చేస్తున్నారా బాబాయ్?"

ఆయన ఖాళీగా ఉన్న చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఏడాది నుంచి నీ పక్కనే పడుకుని ఫ్యాను గురించి మాట్లాడుతున్నాను. బుద్ధుండాలి నాకు" అన్నాడు. "చూడమ్మాయ్. నాకు చెవులున్నాయి, కళ్ళు పోతున్నాయి. నీకు కళ్ళూ చెవులూ రెండూ ఉన్నాయి. ఏం చేస్తున్నావు వాటితో?"

"టీవీ చూస్తున్నాను."

"రేపు షాపుకి రా."

అమ్మ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇత్తడి రజను పీల్చి ఇంకో జబ్బు తెచ్చుకుంటుందని ఆవిడ భయం. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే నాన్న మాత్రం, "చేతికి పనుంటే మనిషి నిలబడుతుంది" అని మూతికి కట్టుకునే గుడ్డలు అరడజను తెచ్చాడు.

షాపు అంటే ఇరుకైన వీధిలో మూడు గదుల ఇల్లు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. గోడల పొడుగునా కడుపులు విప్పిన హార్మోనియంలు, పళ్ళూడిన మెట్లు, ఊపిరి పోయిన తిత్తులు. జిగురు వాసన, పాత చెక్క వాసన. పెట్టెల బాబాయి పీటమీద కూర్చుని మొదటిరోజే విషయం తేల్చి చెప్పాడు. "ఈ ఇత్తడి నాలుక ఉందే, దీన్ని రీడ్ అంటాం. గాలి తగిలితే వణికి పలుకుతుంది. కొస దగ్గర గీకితే శ్రుతి పైకి పోతుంది. మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఇంతే విద్య. మిగతాదంతా ఓపిక."

ఆ ఓపిక లేకే పిచ్చుక మొదటి వారంలో రెండు రీడ్లు విరగ్గొట్టింది. "ఆకురాయి పట్టుకోమంటే కత్తిపీట పట్టుకున్నట్టు పట్టుకుంటావేం? వెంట్రుకంత గీకు. విను. మళ్ళీ వెంట్రుకంత గీకు. విను" అని ఆయన అరిచాడు. ఆయన భార్య లోపలినుంచి, "ఆ పిల్లని బెదరగొట్టకండి. పెళ్ళైన కొత్తలో మీరు నా కుట్టుమిషను బాగుచేస్తానని తగలేసిన సంగతి చెప్పమంటారా?" అనేది. పిచ్చుక ఆవిడని పిన్ని అనేది.

నాలుగు నెలలు గడిచేసరికి చెయ్యి కుదిరింది. మంగళ, గురు, శనివారాలు ఆ పీటమీదే. బాబాయి గొంతు సవరించుకుని ఒక స్వరం పట్టి ఉంచేవాడు, ఆమె రీడ్‌ని దానికి కలిపేది. ఒక్కసారి కూడా తను గొంతు కలిపేది కాదు. తలాడించేది, వేలితో బల్లమీద కొట్టేది, ఎక్కువైంది తక్కువైంది అని చెప్పేది. ఆయన కూడా ఎందుకని అడగలేదు. బాగైన పెట్టెల్ని ఎవరో వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా పిచ్చుక గుమ్మంలో నిలబడి చూసేది. ఆ పెట్టె పక్కన ఎవరు కూర్చుంటారో, ఏ గదిలో, ఏ పాట అందుకుంటారో అనుకునేది. ఇరవై ఏళ్ళ పిల్ల రైలు స్టేషన్లో నిలబడి, తను ఎక్కని బళ్ళని చూస్తున్నట్టుండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం గుమ్మం బయట ఒక గొంతు వినపడింది. "ఎవరండీ లోపల? కాస్త చెయ్యి వెయ్యండి, బరువుగా ఉంది."

మనిషి ఇంకా కనపడకముందే పిచ్చుక చేతిలోని ఆకురాయి జారిపోయింది. లేచి, విప్పిన రీడ్ల పలక చంకలో పెట్టుకుని వెనకగదిలోకి పోయి తెరచాటున నిలబడింది. పప్పు ఏరుకుంటున్న పిన్ని ఆశ్చర్యంగా తలెత్తితే, మాట్లాడొద్దని చేత్తో సైగ చేసింది.

పాటల టీచరు ఏం మారలేదు. అదే హడావిడి, అదే పెద్దగొంతు. "మా పెట్టె కింది మెట్లు పలకడం మానేశాయండీ. ఒకటైతే గురక పెడుతోంది. ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో పాడుతున్నాం. దీనికి ఇప్పుడే రోగం రావాలా?"

"రోగం ముందు చెప్పి రాదు కదమ్మా. శనివారం ఐదింటికి వచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు బాబాయి.

టీచరు వెళ్ళిపోయాక కూడా పిచ్చుక బయటికి రావడానికి కాసేపు పట్టింది.

"ఆవిడంటే అంత భయమేంటి నీకు?"

"భయం కాదు బాబాయ్. వాళ్ళ బృందంలో పాడేదాన్ని."

"నువ్వు పాడతావా?"

"పాడేదాన్ని అన్నాను. ఆ రెండు మాటల మధ్యా రెండేళ్ళున్నాయి. చెప్పకుండా మానేశాను. ఆవిడ ఇంటికి రెండుసార్లొస్తే పడుకున్నానని చెప్పించాను."

బాబాయి పెట్టె ఆమె ముందుకి జరిపాడు. "ఇది నువ్వే చెయ్యి. కింది రీడ్లు నాకు కనపడవు."

"కింది రీడ్లే కదా పెద్దవి? అవే బాగా కనపడాలి."

"నోరు మూసుకుని పని చూడవే."

మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మధ్యలో ఒక మెట్టు అంచు పెచ్చూడి ఉంది. ఎనిమిదేళ్ళు ఆ పెట్టె పక్కనే నిలబడింది గాని దాని లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. మంగళవారం సగం, గురువారమంతా దానితోనే సరిపోయింది. తిత్తికున్న చిల్లులు అతికింది. రీడ్ల సందుల్లో పేరుకున్న దుమ్ము మెత్తటి కుంచెతో దులిపింది. గురక పెట్టే రీడ్ కింద ఎవరిదో పొడుగాటి వెంట్రుక ఇరుక్కుని ఉంటే లాగి పారేసింది. అన్నీ దారికొచ్చాయి, అడుగునున్న ఒక్కటి తప్ప. అది పలకాల్సినప్పుడు పలక్కుండా, ఒక క్షణం ఆలోచించుకుని బద్ధకంగా పలికేది. శనివారం చూద్దాంలే అనుకుని ఇంటికి వెళ్ళింది.

శనివారం పొద్దున అమ్మ పాలు కాచి దించుతుండగా ఫోను మోగింది. ఆసుపత్రినుంచి ఒకామె, తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. కిడ్నీ ఒకటి ఉంది. పిచ్చుక రెండో మనిషి. మొదటి మనిషికి పరీక్షలు కలిస్తే వాళ్ళకే పెడతారు, కలవకపోతే పిచ్చుకకి. ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే రావాలి.

అమ్మ గిన్నె పొయ్యిమీద పెట్టిందో కింద పెట్టిందో తెలియలేదు. సంచిలో రెండు జతల బట్టలు కుక్కుతూ, తీస్తూ, మళ్ళీ కుక్కుతూ ఉంది. నాన్న డిపోకి ఫోను చేసి, "ఇవాళ రాను" అని, ఎందుకో చెప్పకుండానే పెట్టేశాడు. తోడుగా లోపలికి ఒక్కరినే రానిస్తారని చెప్పడంతో పిచ్చుకతో నాన్న బయల్దేరాడు, అమ్మ వీధి చివరిదాకా వచ్చి నిలబడిపోయింది.

ఆసుపత్రి రెండో అంతస్తులో పొడవాటి నడవా. గోడకి ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు. రక్తం తీసుకుని కూర్చోమన్నారు. ఎదురు కుర్చీల్లో ముప్ఫై ఐదేళ్ళతను, పక్కన ఒళ్ళో సంచి పట్టుకుని అతని భార్య. మొదటి మనిషి అతనేనని ఎవరూ చెప్పకుండానే పిచ్చుకకి తెలిసిపోయింది. అతని ఎడమ చేతిమీద తనకున్నట్టే సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది. అతనూ ఆమె చెయ్యి చూశాడు. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు.

గంటన్నర గడిచింది. ఉన్నట్టుండి అతను తుమ్మాడు.

పిచ్చుక చటుక్కున తలెత్తింది. జలుబుంటే ఆపరేషన్ చెయ్యరు. ఇంకోసారి తుమ్ముతాడేమోనని ఊపిరి బిగబట్టుకుని చూసింది. ఆ తర్వాత తనేం కోరుకుంటోందో తనకే తెలిసి, కళ్ళు నేలకి దించుకుంది. ఆ పొద్దున ఎవరింట్లోనో ఒక మనిషి లేకుండా పోయారు. ఆ ఇంటివాళ్ళు ఏడుస్తూనే సంతకం పెట్టారు. ఇక్కడ తను ఒకరి తుమ్ము కోసం కాచుక్కూర్చుంది.

"ధూళికి వచ్చిందండీ, జలుబు కాదు" అన్నాడతను, తప్పు చేసినవాడిలా. "నేను ఉత్తరాలు పంచుతాను. దుమ్ములో తిరగడం కదా. మీరు చదువుకుంటున్నారా?"

"లేదండీ. హార్మోనియంలు బాగుచేస్తాను." ఆ మాట ఒకరితో అనడం అదే మొదటిసారి.

"ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారా?"

"మా షాపులో ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ కలిపి పనిచేసే కిడ్నీ ఒక్కటి కూడా లేదు."

అతను పకపకా నవ్వాడు. భార్య కసిరినట్టు చూసి, తనూ నవ్వింది. నవ్వు తగ్గాక అతను మెల్లగా చెప్పాడు. "ఐదేళ్ళలో నన్ను మూడుసార్లు పిలిచి పంపించేశారు. మొదటిసారి ఇంటికెళ్ళి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండోసారి వెళ్ళి ఉత్తరాలు పంచాను."

"మూడోసారి?"

"మూడోసారీ పంచాను. కాకపోతే సగం వేరే ఇళ్ళలో వేశాను."

పదకొండున్నరకి లోపలినుంచి ఒకామె వచ్చి అతని పక్కన వంగి ఏదో చెప్పింది. భార్య సంచి కిందపడిపోయింది. అతను లేచి రెండడుగులు వేసి, ఆగి, పిచ్చుక ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లోపలికెళ్ళాక తుమ్మకండి" అంది పిచ్చుక.

అతను కళ్ళు తుడుచుకుంటూ తలూపి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. జాబితాలో పేరు ఎక్కడికీ పోదని, మళ్ళీ పిలుస్తామని ఆ వచ్చినామె చెప్పిన మాటలకి నాన్న ప్రతిదానికీ "అలాగేనండీ, అలాగేనండీ" అన్నాడు. ఆ తర్వాత నడవా చివర కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. కుళాయి కట్టిన చప్పుడు వినపడడానికి చాలాసేపు పట్టింది.

మెట్లు దిగాక, "ఇంటికి పోదామా తల్లీ?" అన్నాడు.

"అమ్మకి ఫోను చేసి చెప్పు నాన్నా. నేను షాపుకి పోవాలి. ఐదింటికి ఒక పెట్టె ఇవ్వాలి."

"ఇవాళా?"

"ఇవాళే ఇవ్వాలి."

నాన్న తనూ వెంట వచ్చాడు. పిన్ని తలుపు తీసి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా పిచ్చుక తలని ఒక్కసారి తన భుజానికేసి నొక్కుకుంది. ముందురోజు డయాలసిస్‌లో బీపీ పడిపోయి బాబాయి వెనకగదిలో నీరసంగా పడుకుని ఉన్నాడు. పిచ్చుక మూతికి గుడ్డ కట్టుకుని పీటమీద కూర్చుంది. రీడ్ల పలక విప్పింది.

నాన్నకి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. "నేనేమైనా చెయ్యనా?"

"తిత్తి కొట్టు నాన్నా. నెమ్మదిగా. టైరుకి గాలి కొడుతున్నట్టు కాదు."

అడుగు రీడ్‌ని దీపం కింద పెట్టి పక్కనుంచి చూసింది. నాలుక పలకకంటే కాస్త ఎక్కువ పైకి లేచి ఉంది. గాలంతా దాని పక్కనుంచి జారిపోతోంది, అందుకే ఆ బద్ధకం. గోటితో వెంట్రుకంత నొక్కింది. విన్నది. మళ్ళీ నొక్కింది. మెట్టు తాకగానే ఈసారి రీడ్ ఆలోచించుకోలేదు. గది నేల అడుగునుంచి ఎవరో పిలిచినట్టు లావుగా, నిండుగా పలికింది. ఇక శ్రుతి సరిచూడాలి. స్వరం పట్టి ఉంచడానికి బాబాయి లేడు. లోపల నిద్రపోతున్నాడు, లేపబుద్ధి కాలేదు.

పిచ్చుక గుడ్డ కిందికి లాగి తనే పట్టింది.

మొదట గాలే వచ్చింది. రెండోసారి గొంతు వచ్చింది, కానీ తనకి తెలిసిన గొంతు కాదు. మెడ వెనకనుంచి లేచే ఆ సన్నటిది ఎక్కడా లేదు. ఇది రొమ్ములో ఎక్కడో కిందనుంచి, కాస్త గరుగ్గా, తడి ఆరని చెక్కలా వచ్చింది. రీడ్ కంటే అది కాస్త ఎక్కి ఉంది. రీడ్ తప్పా, తను తప్పా? గొంతు దించింది. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పెట్టె చెక్క మోకాలికి జివ్వుమని తగిలింది. ఆగలేకపోయింది. బృందంలో పాడిన వాన పాట ఒకటి ఆ కింది స్వరంమీద పెట్టి ఎత్తుకుంది. నాలుగు మాటలకే ఊపిరి అయిపోయింది. కానీ తన ఊపిరి తెగినచోట పాట తెగలేదు. నాన్న చెయ్యి ఆడుతూనే ఉంది, పెట్టె ఆ స్వరాన్ని పట్టుకునే ఉంది. గాలి పీల్చుకుని మళ్ళీ అందులోకి అడుగుపెట్టింది. మళ్ళీ నాలుగు మాటలు. మళ్ళీ ఆగడం. ఆ ఆగినచోటల్లా మూసుకున్న తలుపు కళ్ళముందుకొచ్చింది, ఆ తలుపు వెనక దీపం కింద పడుకున్న మనిషీ, పేరు తెలియని ఆ ఇల్లూ గుర్తొచ్చాయి. కన్నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. పాట మాత్రం చివరిదాకా వెళ్ళింది.

నాన్న తిత్తి ఆపలేదు. తల పక్కకి తిప్పుకుని, భుజంతో మొహం తుడుచుకుంటూ కొడుతూనే ఉన్నాడు.

"ఐదో మాట దగ్గర గాలి పీల్చుకోవాలే. నాలుగో మాట దగ్గర పీలిస్తే అర్థం మారిపోతుంది."

గుమ్మంలో పాటల టీచరు. చెప్పులు ఒకటి విడిచి, రెండోది విడవడం మర్చిపోయి నిలబడి ఉంది.

పిచ్చుక గబగబా మొహం తుడుచుకుంది. "టీచర్..."

"ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? రెండుసార్లు మీ ఇంటికొచ్చాను. రెండుసార్లూ పడుకుని ఉన్నావు. నీ అంత నిద్రపోయేదాన్ని నేను చూళ్ళేదు." ఆవిడ వచ్చి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

పిచ్చుక ఏదీ దాచకుండా చెప్పింది. చెప్పులు బిగుతైన దగ్గర్నుంచి పొద్దుటి తుమ్ము దాకా. చివరికి, "నా గొంతు పోయింది టీచర్. పైస్థాయి అస్సలు లేదు" అంది.

"లేదు. విన్నాను కదా." ఆవిడ ఓదార్చే రకం కాదు. "ఆ గొంతు నాకూ గుర్తొస్తుంది. ఒక్కోసారి పైవరుస పాడుతుంటే నువ్వున్నావేమోనని తల తిప్పి చూస్తాను. అది పోయింది, నిజమే. కానీ పైన పాడేవాళ్ళు నాకు ఇప్పుడు ఏడుగురున్నారు. కింద మంద్రంలో ఇద్దరే. అందులో ఒకామెకి ఏడాది పొడుగునా జలుబు. రెండోఆమె పాట మధ్యలో పొయ్యిమీద ఏం పెట్టొచ్చిందో ఆలోచిస్తుంది. అక్కడ ఖాళీ ఉంది."

"నాలుగు మాటలకి ఊపిరి తెగిపోతోంది."

"బృందం అంటే మరేంటే? నువ్వు గాలి పీల్చుకునేటప్పుడు పక్కామె పాడుతుంది. ఆమె పీల్చుకునేటప్పుడు నువ్వు పాడతావు. వినేవాళ్ళకి ఎక్కడా తెగదు." ఆవిడ పెట్టె మీద చెయ్యేసి కింది మెట్టు నొక్కింది. అది నిండుగా పలికింది. "ఇది ఎవరు చేశారు?"

"మా అమ్మాయేనండీ" అన్నాడు నాన్న, తిత్తి వదలకుండానే.

వెనకగదిలోంచి, "దానికి నేర్పింది ఎవరో కూడా చెప్పండి" అని పెట్టెల బాబాయి గొంతు వినపడింది. ఆయన ఎప్పుడు లేచాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు.

మర్నాటి కార్యక్రమంలో పిచ్చుక పాడలేదు. గ్రంథాలయం హాల్లో వెనక వరసలో అమ్మానాన్నల మధ్య కూర్చుని విన్నది. పైవరుస వాళ్ళు అందుకున్న చోటల్లా ఆమె మెడ వెనక నరాలు వాటంతట అవే బిగిశాయి. లేచి వెళ్ళిపోదామా అనుకుంది, వెళ్ళలేదు. ఆ బాధ తగ్గుతుందని ఎవరూ ఆమెకి చెప్పలేదు, అది తగ్గలేదు కూడా. కానీ పాట అడుగున తను సరిచేసిన స్వరం ఒకటి మోగుతూ ఉంది. దాని పక్కన మనుషులు చాలరని ఇప్పుడు తనకి స్పష్టంగా వినపడుతోంది.

మంగళవారం సాయంత్రం సాధనకి వెళ్ళింది. అందరూ నిలబడి పాడతారు. ఆమెకోసం ఎవరో చివర కుర్చీ వేశారు. జలుబామె జరిగి చోటిచ్చి, "నేను ముక్కు చీదినప్పుడల్లా నువ్వు గట్టిగా పాడాలి, ముందే చెబుతున్నా" అంది. రెండు పాటలయ్యాక పిచ్చుక వేళ్ళు చల్లబడ్డాయి, కళ్ళు తిరిగాయి. మూడో పాట విని ఊరుకుంది. నాలుగోది పాడింది. గంటన్నర కుర్చీలో, అందులో పాడింది ఇరవై నిమిషాలు. ఇంటికెళ్ళి బట్టలు కూడా మార్చుకోకుండా నిద్రపోయింది.

వెళ్ళేముందు టీచరు పుస్తకం తెరిచి, రెండు నెలల తర్వాత పాడబోయే పాటలకి ఎవరెవరుంటారో రాసుకుంటోంది. "నీ పేరు రాసుకోనా? వస్తావా?"

"ఆసుపత్రినుంచి ఫోనొస్తే రాను టీచర్."

"రాకపోతే?"

"రాకపోతే వస్తాను."

టీచరు ఆమెకేసి చూసింది. "ఫోను రావాలని మొక్కుకోనా, రాకూడదని మొక్కుకోనా?"

"రావాలనే మొక్కుకోండి" అంది పిచ్చుక, పాటల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ. "నేను మాత్రం మంద్రం వరసంతా బట్టీపట్టి ఉంచుతాను."